రిసీవర్ మారిస్తే సౌండ్ మారుతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హోమ్ థియేటర్ రిసీవర్ (టీవీ, ప్లేయర్ల సౌండ్ తీసుకుని స్పీకర్లన్నిటినీ నడిపే డబ్బా) గురించే, అందుకే మిగతావన్నీ పక్కన పెట్టి వీటికే చోటిచ్చాం.

ప్రశ్న: సార్, మా ఇంట్లో 5.1 సెట్ (ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్) ఉంది, రిసీవర్ కొని పదేళ్లు దాటింది, ఛానల్‌కి 80 వాట్స్ అని రాసుంది. ప్రాబ్లం ఏంటంటే డైలాగులు సరిగ్గా వినపడవు, వినపడట్లేదు కదా అని వాల్యూమ్ పెంచితే వెంటనే ఏ ఫైటో వచ్చి ఇల్లు దద్దరిల్లిపోతుంది, రిమోట్ చేతిలో పట్టుకునే సినిమా చూస్తున్నాం. మా బావేమో 110 వాట్స్ రిసీవర్ తీసుకో, అన్నీ సెట్ అయిపోతాయి అంటున్నాడు. మార్చేయమంటారా?

జవాబు: ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు ఎక్కడ ఏ తేడా వచ్చినా చివరికి పాపం ఆ రిసీవర్ మీదే పడుతుందండి. ముందు మీ బావగారి లెక్క చూద్దాం. 80 నుంచి 110 వాట్స్‌కి వెళ్తే పెరిగేది దాదాపు 1.4 డెసిబెల్స్, అంటే పక్కపక్కనే పెట్టి చెవులు రిక్కించి వింటే తప్ప తెలియని తేడా. వాట్స్ డబుల్ చేస్తేనే 3 డెసిబెల్స్ వస్తుంది, చెవికి "రెట్టింపు మోత" అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, దానికి పవర్ పది రెట్లు ఉండాలి. అంటే మీ 80కి బదులు 800 వాట్స్! పైగా మామూలుగా మనం సినిమా చూసే వాల్యూమ్‌లో ఒక్కో స్పీకర్ తాగేది చాలాసార్లు ఒక్క వాట్ కూడా ఉండదు, పెద్ద పేలుడు వచ్చిన ఆ క్షణానికే అన్ని వాట్స్ అవసరం. కాబట్టి డైలాగులు వినపడకపోవడానికీ వాట్స్‌కీ పెద్దగా సంబంధం లేదు.

మరి ఎక్కడుంది తప్పు? 5.1లో డైలాగ్ మొత్తం దాదాపుగా సెంటర్ స్పీకర్ నుంచే వస్తుంది, అదెక్కడుందో ఒకసారి చూడండి. చాలా ఇళ్లలో టీవీ స్టాండ్ కింది అరలో, లోపలికి తోసేసి, మన మోకాళ్లతో మాట్లాడుతూ ఉంటుంది. దాన్ని అర అంచు దాకా ముందుకి లాగండి, కింద చిన్న రబ్బరు ముక్కలేమైనా పెట్టి మూతి మీ చెవుల వైపు పైకి వాలేలా చేయండి, తర్వాత రిసీవర్ మెనూలో సెంటర్ లెవెల్ ఒక్కటే 2 లేదా 3 డెసిబెల్స్ పెంచండి. ఫైట్లు మరీ మోత అయితే డైనమిక్ రేంజ్ అనో నైట్ మోడ్ అనో ఒక ఆప్షన్ ఉంటుంది, అది పెద్ద శబ్దాల్ని తగ్గించి చిన్నవాటిని పైకి తెస్తుంది, సినిమా కిక్ కొంచెం తగ్గుతుంది కానీ రిమోట్ మాత్రం కింద పెట్టొచ్చు. ఇంకోటి, టీవీ ఆడియో సెట్టింగ్‌లో పీసీఎం (కుదించని మామూలు డిజిటల్ సౌండ్) అని ఉంటే చాలా టీవీలు రిసీవర్‌కి రెండు ఛానల్సే పంపిస్తాయి, అప్పుడు రిసీవర్ అందులోంచి తనకి తోచినట్టు సెంటర్‌ని తయారు చేసుకోవాలి. దాన్ని ఆటో గానీ బిట్‌స్ట్రీమ్ (సౌండ్‌ని ఉన్నదున్నట్టే రిసీవర్‌కి పంపేది) గానీ చేయండి. రిసీవర్ డిస్‌ప్లే మీద డాల్బీ డిజిటల్ అని పేరు వస్తే సరే.

రిసీవర్‌తో పాటు ఒక చిన్న మైక్ వచ్చి ఉంటుంది, నూటికి తొంభై మంది దాన్ని డబ్బాలోంచి తీయరు (ఈ లెక్క నా సొంతం, నమ్మక్కర్లేదు). దాన్ని కెమెరా స్టాండ్‌కి తగిలించి, మీరు కూర్చునే చోట చెవి ఎత్తులో పెట్టి ఆటో సెటప్ (రిసీవర్ తనే స్పీకర్ల దూరాలూ లెవెల్సూ కొలుచుకునేది) నడపండి. చేత్తో పట్టుకుని కూర్చోకండి, సోఫా వీపు మీద ఆనించకండి, ఫ్యాన్ ఆపేయండి. అయ్యాక అది రాసుకున్న లెక్కలు ఒకసారి చూడండి, కొన్నిసార్లు మెషిన్ ముందు స్పీకర్లని "లార్జ్" (అంటే బేస్ అంతా అవే మోయాలని) అని పెట్టేస్తుంది. సబ్‌వూఫర్ ఉంది కాబట్టి అన్నిటినీ "స్మాల్" చేసి క్రాసోవర్ (ఎక్కడి నుంచి కింది బేస్ సబ్‌కి పోవాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టండి, బరువైన బేస్ అంతా సబ్‌కి పోతే రిసీవర్‌కీ భారం తగ్గుతుంది, గొంతులూ తేలికవుతాయి.

నేనూ ఒకప్పుడు ఇదే తప్పు చేశా. బేస్ పల్చగా ఉంది, సౌండ్‌లో దమ్ము లేదని ఉన్న రిసీవర్ అమ్మేసి ఇంకా పెద్దది, ఎత్తలేనంత బరువుది తెచ్చా. మొదటి రెండు రోజులు అబ్బో అనిపించింది, మూడో రోజు మళ్లీ అదే పల్చదనం. నెల తర్వాత వెనక దుమ్ము దులుపుతుంటే కనపడింది, ఎడమ స్పీకర్‌కి ఎరుపు నలుపు వైర్లు తారుమారుగా ఉన్నాయి! ఒక స్పీకర్ కోన్ ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది, రెండూ కలిసి బేస్‌ని కొట్టిపారేస్తున్నాయి. పాత రిసీవర్‌కి ఉన్న ఆ తప్పునే కొత్తదానికీ భద్రంగా దించా అన్నమాట.

మరి ఎప్పుడు మార్చాలి అంటే, ఒక ఛానల్ వచ్చీ పోతూ ఉంటే, స్పీకర్లలో హమ్ మొదలైతే, మీకు కావలసిన కనెక్షన్ లేకపోతే, పైన అట్మాస్ (తల మీది నుంచి కూడా సౌండ్ తెచ్చే డాల్బీ పద్ధతి) స్పీకర్లు పెట్టాలనుకుంటే మార్చండి. లేదా రూమ్ కరెక్షన్ (గది వల్ల సౌండ్‌లో వచ్చే తేడాల్ని మైక్‌తో కొలిచి దిద్దేది) మంచిది కావాలంటే. ఈ చివరిదే వినపడే తేడా తెస్తుంది. డెనాన్, మరాంట్జ్‌లలో ఆడిస్సీ ఉంటుంది, యమహాలో వైపావో, ఆంక్యో కొన్ని మోడల్స్‌లో డిరాక్ లైవ్. ఒకే పేరులోనూ మెట్లుంటాయి, ఆడిస్సీనే తీసుకుంటే కింది మెట్టు రిసీవర్లలో ఉండే మామూలు మల్టీఈక్యూ కంటే పైవాటిలో ఉండే ఎక్స్‌టీ32 చాలా సన్నగా, ముఖ్యంగా బేస్‌ని, దిద్దుతుంది. షాపులో వాట్స్ అడిగే బదులు ఇది అడగండి.

ప్రశ్న: నేను చూసిన ఒక రిసీవర్ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో 150 వాట్స్ అనుంది, లోపల పుస్తకంలో 80 అనుంది. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే, అదే తమాషా. 150 అనేది బహుశా ఒక్క ఛానల్ మాత్రమే నడిపి, 6 ఓమ్స్ (స్పీకర్ కరెంట్‌కి ఇచ్చే అడ్డు) లోడ్ మీద, 1 కిలోహెర్ట్జ్ ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర, 10 శాతం డిస్టార్షన్ వచ్చేదాకా తోసి కొలిచింది అయ్యుంటుంది. 10 శాతం డిస్టార్షన్ అంటే గొంతు చీరుకుపోయేలా అరుస్తున్నట్టు, దాన్ని ఎవరూ సంగీతం అనరు. 80 అనేది రెండు ఛానల్స్, 8 ఓమ్స్, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, 0.08 శాతమో అంతకంటే తక్కువో డిస్టార్షన్‌తో కొలిచింది. ఎప్పుడూ ఈ రెండోదే చూడండి. రిసీవర్‌లో ఏడు ఛానల్స్ ఉంటే ఏడూ ఒక్కసారిగా నడిపితే ఇదీ తగ్గుతుంది, ఎందుకంటే పవర్ సప్లై అందరికీ ఒక్కటే, కానీ సినిమాలో ఏడు స్పీకర్లూ ఒకేసారి గరిష్ఠంగా మోగేది చాలా అరుదు కాబట్టి దాని గురించి నిద్ర చెడగొట్టుకోకండి.

ప్రశ్న: అండీ, మా కొత్త టీవీలో అట్మాస్ అని లోగో వస్తుంది, కానీ రిసీవర్‌లో మాత్రం ఎప్పుడూ మామూలు డాల్బీ డిజిటలే చూపిస్తుంది. టీవీ నుంచి ఆప్టికల్ కేబుల్‌తో కలిపాం. రిసీవర్ కూడా అట్మాస్‌దే. కేబుల్ మార్చాలా, రిసీవర్ మార్చాలా?

జవాబు: కేబులే అండి, రిసీవర్ జోలికి వెళ్లకండి. ఆప్టికల్‌లో రెండు ఛానల్స్ పీసీఎం గానీ పాత డాల్బీ డిజిటల్, డీటీఎస్ 5.1 గానీ పోతాయి, అంతే. స్ట్రీమింగ్ యాప్స్‌లో అట్మాస్ వచ్చేది డాల్బీ డిజిటల్ ప్లస్ మీద ఎక్కి, ఆ ప్లస్ ఆప్టికల్‌లో పట్టదు. టీవీలో ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ వైర్లోనే రిసీవర్‌కి వెనక్కి పంపేది) అని రాసున్న హెచ్‌డీఎంఐ పోర్ట్ నుంచి రిసీవర్‌లో కూడా ఏఆర్‌సీ అని రాసున్న అవుట్‌పుట్ పోర్ట్‌కి ఒక హెచ్‌డీఎంఐ వైరు వేయండి, రెండింటి మెనూల్లో సీఈసీనీ (హెచ్‌డీఎంఐతో కలిపినవి ఒకదాన్నొకటి నడిపించుకునే సౌకర్యం) ఏఆర్‌సీనీ ఆన్ చేయండి, టీవీ మామూలు ఏఆర్‌సీలో ప్లస్‌ని పంపగలిగేదైతే యాప్స్ వరకు మీ పని అయిపోయినట్టే.

ఈఏఆర్‌సీ అనేది దీని తర్వాతి మెట్టు, 2017లో ప్రకటించిన హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చింది. బ్లూరే డిస్కుల్లో ఉండే కుదించినా ఏమీ పోగొట్టుకోని డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్ ఆడియో టీవీ గుండా రిసీవర్‌కి వెళ్లాలంటే ఇది కావాలి. టీవీలో గానీ రిసీవర్‌లో గానీ ఏ ఒక్కదాంట్లో లేకపోయినా ఇది పనిచేయదు. అయితే దీనికో అడ్డదారి ఉంది, డిస్క్ ప్లేయర్‌ని టీవీకి కాకుండా నేరుగా రిసీవర్‌కే గుచ్చితే ఈఏఆర్‌సీ అవసరమే రాదు. 4కే ప్లేయర్ అయితే మాత్రం రిసీవర్‌లో హెచ్‌డీసీపీ 2.2 (4కే బొమ్మకి వాడే కాపీ రక్షణ) ఉండాలి, మరీ పాత రిసీవర్లలో అది ఉండదు, బొమ్మ రాక నల్ల స్క్రీన్ చూస్తూ కూర్చోవాలి. కొన్ని 4కే ప్లేయర్లకి వెనక రెండు హెచ్‌డీఎంఐలు ఉంటాయి, ఒకటి బొమ్మకి టీవీకి, ఇంకొకటి సౌండ్‌కి పాత రిసీవర్‌కి. అలాంటిది దొరికితే ఆ పాత రిసీవర్‌ని ఇంకొన్నాళ్లు లాగొచ్చు.

ప్రశ్న: గట్టిగా పెట్టినప్పుడు మా రిసీవర్ అరగంటలో బాగా వేడెక్కి ఆగిపోతుంది. ముందు స్పీకర్లు 4 ఓమ్స్‌వి. సెట్టింగ్స్‌లో 4 ఓమ్స్ అని ఒక ఆప్షన్ కనపడింది, అది పెట్టమంటారా లేక వేరే పవర్ యాంప్ కొనమంటారా?

జవాబు: ముందు వైర్లు చూడండి. స్పీకర్ టెర్మినల్ దగ్గర ఒక్క రాగి పోగు బయటికొచ్చి పక్కదానికి తగిలినా ఇలాగే ఆగిపోతుంది. అలాగే రిసీవర్ తలుపులున్న అల్మారాలో ఉందా, దాని నెత్తి మీద సెట్‌టాప్ బాక్స్ పెట్టారా? పైన కనీసం నాలుగైదు అంగుళాలు ఖాళీ వదలాలి, పైనున్న రంధ్రాల్లోంచే కదా అది ఊపిరి తీసుకునేది.

ఇవన్నీ బానే ఉండి ఇంకా ఆగిపోతుంటే అప్పుడు 4 ఓమ్స్ స్పీకర్లే కారణం అనుకోవచ్చు, అవి అదే వాల్యూమ్‌లో 8 ఓమ్స్ వాటికంటే రెట్టింపు కరెంట్ లాగుతాయి. ఆ మెనూలో ఉన్న ఆప్షన్ చాలా రిసీవర్లలో చేసేది ఒక్కటే, లోపల వోల్టేజ్ తగ్గించేసి యాంప్ చేతులు కట్టేయడం. వేడి తగ్గుతుంది, దాంతోపాటు పవరూ తగ్గుతుంది, గట్టిగా పెట్టినప్పుడు ఇంకా త్వరగా చీదుతుంది. మీ రిసీవర్ వెనక ప్రీ అవుట్ (వేరే యాంప్‌కి సౌండ్ ఇచ్చే సాకెట్) అని ఉంటే అదృష్టవంతులే, ముందు రెండు స్పీకర్ల వరకు 4 ఓమ్స్‌కి తట్టుకునే పవర్ యాంప్ ఒకటి తగిలించండి, రిసీవర్‌కి సెంటరూ వెనకవీ మిగులుతాయి, హాయిగా చల్లగా నడుస్తుంది. ప్రీ అవుట్స్ లేకపోతే మాత్రం, ఇదిగో, ఇక్కడ రిసీవర్ మార్చడం సబబే, కొనేటప్పుడు ప్రీ అవుట్స్ ఉన్నదే చూసుకోండి.

ప్రశ్న: స్పీకర్ వైరు ఎంత లావుగా ఉంటే అంత మంచిదా?

జవాబు: కాదు. 8 ఓమ్స్ స్పీకర్‌కి 10 మీటర్ల లోపు 16 గేజ్ (ఈ నంబర్ తగ్గేకొద్దీ వైరు లావు) రాగి వైరు చాలు, అంతకంటే దూరమైతే, లేదా 4 ఓమ్స్ అయితే, 14 గేజ్. రాగి పేరు చెప్పి రాగి పూత పూసిన అల్యూమినియం అంటగడుతుంటారు, అది మాత్రం తీసుకోకుండా చూసుకోండి.

ప్రశ్న: కొంత డబ్బు పక్కన పెట్టాను, దాంతో ఇప్పుడున్నదానికంటే పై మోడల్ రిసీవర్ వస్తుంది, లేదంటే రెండో సబ్‌వూఫర్ వస్తుంది. మా సబ్ ఒక మూల ఉంది, నేను కూర్చునే చోట బేస్ అసలు లేదు, మా ఆవిడ కూర్చునే చోట మాత్రం గుంయ్‌మంటుంది, తను తలనొప్పి అంటుంది. ఏది కొనాలి?

జవాబు: ఉత్తరంలోనే జవాబు రాసేశారు. ఒకే గదిలో ఒకరికి ఎక్కువై ఇంకొకరికి లేదంటే అది గది గోడల మధ్య బేస్ అలలు కొట్టుకునే తీరు, మీ చోట అవి ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి, ఆవిడ చోట ఒకదానిమీద ఒకటి ఎక్కుతున్నాయి. ఏ పై మోడల్ రిసీవరూ రెండు సీట్లనీ ఒక్క సబ్‌తో సరిచేయలేదు, అలలు చచ్చిపోయే చోట పవర్ ఎంత పెంచినా చచ్చేదీ అంతే పెరుగుతుంది. రెండో సబ్ అయితే ఈ ఎత్తుపల్లాల్ని చదును చేస్తుంది, ఎదురెదురు గోడల మధ్యలో ఒక్కోటి పెడితే చాలా గదుల్లో బాగా కుదురుతుంది.

కానీ డబ్బు తీయకముందు ఒక ఆదివారం ఖర్చు పెట్టండి. ఉన్న సబ్‌ని ఎత్తి మీరు కూర్చునే సోఫాలో, సరిగ్గా మీ సీట్లో పెట్టండి. బేస్ గీత నిలకడగా సాగే పాట ఒకటి వేసి, మీరు గోడల వెంట నేల మీద పాక్కుంటూ వెళ్లండి, తల సబ్ ఉండే ఎత్తులోనే ఉంచి. ఎక్కడ బేస్ గుంయ్‌మనకుండా, మాయం కాకుండా, ఒక్కో స్వరం విడివిడిగా వినపడుతుందో అక్కడ చాక్‌తో గుర్తు పెట్టుకోండి, సబ్ వెళ్లాల్సింది అక్కడికే. తర్వాత సబ్‌ని మీ ఆవిడ సీట్లోకి మార్చి మళ్లీ పాకండి, రెండుసార్లూ బాగున్న చోటేదైనా దొరికితే రెండో సబ్ డబ్బు మిగిలినట్టే. మీరు పాకుతుంటే ఇంట్లో వాళ్లు ఫోన్‌లో వీడియో తీస్తారు, నాకైతే తీశారు.