లీగల్ ఎయిడ్ లాయరు వాయిదాలకు రావడం లేదు, గుంటూరులో ఎవరికి చెప్పుకోవాలి?

మీ అమ్మగారి మీద గుంటూరు సివిల్ కోర్టులో ఆస్తి పంపకాల దావా నడుస్తోంది, లీగల్ ఎయిడ్ కింద ఇచ్చిన లాయరు వరసగా మూడు వాయిదాలకు రాలేదు, పైగా ఖర్చులకని 5,000 అడుగుతున్నారు, ఫిర్యాదు చేస్తే ఉన్న లాయరు కూడా పోతారేమో అని రాశారు. ఆ భయం వద్దండి. లాయరు తప్పుకుంటే ఇంకొకరిని ఇవ్వాల్సిన బాధ్యత లీగల్ ఎయిడ్ ఇచ్చే న్యాయ సేవాధికార సంస్థదే.

ఫిర్యాదు కంటే ముందు కేసు ఏ స్థితిలో ఉందో చూడండి. ఈకోర్ట్స్ యాప్‌లో 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ విడిగా ఉండే గుర్తింపు నంబరు) కొడితే ప్రతి వాయిదాకు ఏం జరిగిందో రెండు ముక్కల్లో ఉంటుంది. 'నో రిప్రజెంటేషన్' అని ఉంటే మీ తరఫున ఎవరూ హాజరు కాలేదని. 'సెట్ ఎక్స్‌పార్టీ' అని, అంటే మీరు లేకుండానే కేసు నడపాలని కోర్టు రాసి ఉంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దావా వేయాలి, కోర్టు కారణం రాసి మొత్తం 90 రోజుల దాకా పొడిగించవచ్చు. ఎక్స్‌పార్టీ డిక్రీయే (మీరు లేకుండా ఇచ్చిన తీర్పు) వచ్చేస్తే దాన్ని రద్దు చేయమని అడగడానికి ఉన్న గడువు 30 రోజులు. సంస్థలో అర్జీ పెట్టినంత మాత్రాన ఈ గడువులేవీ ఆగవు. చాలామంది దెబ్బ తినేది ఇక్కడే: ఫిర్యాదు ఇచ్చాం కదా అని ఇంట్లో కూర్చుంటారు, ఈలోగా డిక్రీ పడిపోతుంది.

ఇక డబ్బు సంగతి. ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ప్యానెల్ లాయరుకు, అంటే సంస్థ తన జాబితాలోంచి ఇచ్చిన లాయరుకు ఫీజు సంస్థే ఇస్తుంది, సాయం పొందే మనిషి దగ్గర ఏ రూపంలోనూ తీసుకోకూడదని 2010 నాటి జాతీయ న్యాయ సేవల నిబంధనల్లో స్పష్టంగా ఉంది. కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు, సర్టిఫైడ్ కాపీల ఖర్చు కూడా ఉచిత సాయంలో భాగమే. ఇప్పటికే ఫోన్‌పేలో పంపి ఉంటే ఆ స్క్రీన్‌షాట్ ప్రింటు తీయించండి. చేతికిచ్చి ఉంటే తారీఖు, మొత్తం, ఎక్కడ ఇచ్చారో అర్జీలో రాయండి.

ఉచితంగా ఇచ్చారు కదా, గట్టిగా ఎలా అడుగుతాం అన్న మొహమాటం మీ ప్రశ్నలో కనిపించింది. దయచేసి వదిలేయండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఇది హక్కు. (ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, పిల్లలకు కూడా అంతే. మిగతావాళ్లకు మన రాష్ట్రంలో ఏడాదికి 3 లక్షల ఆదాయ పరిమితి.)

అర్జీ తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు. 'కార్యదర్శి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, జిల్లా కోర్టు ప్రాంగణం, గుంటూరు' అని పెట్టి, కింద దావా నంబరు, కోర్టు పేరు, లాయరును నియమించిన ఉత్తర్వు నంబరు, తారీఖు రాయండి. ఆ తర్వాత విషయం: ఫలానా తారీఖుల్లో హాజరు కాలేదు, ఫలానా రోజుల్లో ఫోన్ చేశాం, ఇంత అడిగారు, ఈ లాయరు నుంచి ఫైలు తీసుకుని వేరొకరిని నియమించండి. రెండు కాపీలు పట్టుకెళ్లి, ఒకటి ఇచ్చి రెండోదాని మీద ముద్ర, సంతకం, తారీఖు వేయించుకోవాలి. ముద్ర లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క.

'మా లాయరు సరిగా పట్టించుకోవడం లేదు' అని రాస్తే ఎవరూ ఏమీ తేల్చలేరు. ప్రతి సంస్థలో మానిటరింగ్ కమిటీ ఉండాలి. సాయం ఇచ్చిన ప్రతి కేసుకూ రిజిస్టరు రాయడం, లాయర్ల నుంచి రిపోర్టులు తెప్పించుకోవడం దాని పని. కోర్టు రిజిస్టర్లు చూసే వెసులుబాటు కూడా అడగవచ్చు. తారీఖులు ఇస్తే సరిచూసుకోగలరు. రిపోర్టు సంతృప్తిగా లేకపోతే కేసు వెనక్కి తీసుకోవచ్చు, లాయరును ప్యానెల్ నుంచే తీసేయవచ్చు. అయితే లాయరు వైపు నుంచి 'పత్రాలు అడిగాను, ఇవ్వలేదు' అన్న జవాబు రావడం మామూలే. మీరు ఏ పత్రం ఏ రోజు ఇచ్చారో కూడా అర్జీలో ఉండాలి.

ఈలోగా బయట ప్రైవేటు లాయరును పెట్టుకోకండి. అలా చేస్తే ఉన్న సాయం రద్దు చేసే వీలుంది. కొత్త లాయరు వచ్చాక పాత వకాల్తా సంగతి తేలిందో లేదో అడగండి. పాత లాయరు సమ్మతి గానీ కోర్టు అనుమతి గానీ లేకుండా కొత్త వకాల్తా దగ్గర పేచీ వస్తుంది.

కార్యదర్శి దగ్గర కదలిక లేకపోతే సంస్థ అధ్యక్షులైన ప్రధాన జిల్లా జడ్జికి, ఆ పైన అమరావతి దగ్గర నేలపాడులోని రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థకు రాయండి. లీగల్ ఎయిడ్ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ కూడా చేయవచ్చు. లాయర్ల మీద క్రమశిక్షణ చర్యలు తీసుకునే బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు వేరే దారి, దానివల్ల మీకు కొత్త లాయరు రారు. విజయవాడ కేసులవాళ్లు ఇది చదువుతుంటే, మీ జిల్లా సంస్థ ఉండేది మచిలీపట్నంలో. ముందు విజయవాడ కోర్టు ప్రాంగణంలోని మండల కమిటీలో ఇవ్వండి.

వచ్చే వాయిదాకు అమ్మగారు స్వయంగా పదిన్నరకల్లా కోర్టు హాల్లో ఉండాలి. కేసు పిలవగానే లేచి నిలబడి, 'అయ్యా, నేను ప్రతివాదిని. లాయరును మార్చమని సంస్థలో అర్జీ పెట్టాను, ఇదిగో ముద్ర వేసిన కాపీ, గడువు ఇప్పించండి' అని ఆ కాగితం బెంచి క్లర్కు చేతికివ్వాలి.