చెన్నై బడిలో మన పాప పక్కన ఎవరు కూర్చుంటారు?

ప్రశ్న: మాది కడప. మా ఆయనకి చెన్నై బదిలీ అయింది, జూన్‌లో వస్తున్నాం. పాప ఒకటో తరగతిలో, బాబు ఆరో తరగతిలో చేరాలి. ఇంటి దగ్గర తమిళం చెప్పే బడిలో వెయ్యాలా, దూరమైనా తెలుగు ఉన్న బడి వెతకాలా? సీట్లు, సర్టిఫికెట్లు, ఫీజులు తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: చూడమ్మా, కాగితాల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అవి ఎవర్నడిగినా చెప్తారు. ఇక్కడ 2006లో వచ్చిన చట్టం ప్రకారం పిల్లలు ఒకటో తరగతి నుంచి తమిళం చదవాలి. తెలుగులాంటి భాషల బడులకి మినహాయింపు విషయం కోర్టుల దాకా వెళ్ళింది కాబట్టి ఈ ఏడు ఎలా ఉందో బడిలోనే కనుక్కోండి. మన ఆంధ్రా కులధ్రువపత్రం ఇక్కడి రాష్ట్ర రిజర్వేషన్‌కి పనికిరాదు. బాబు ఇంజనీరింగ్‌కి వచ్చేసరికి మన ఎంసెట్‌లాంటి పరీక్ష ఉంటుందేమో అనుకోకండి, ఇక్కడ 2007 నుంచి ప్లస్‌టూ మార్కులతోనే సీట్లు ఇస్తున్నారు. ఫీజు భారమైతే సర్కారు బడిని చిన్నచూపు చూడకండి. 2022లో మొదలైన పథకం కింద చిన్న తరగతుల పిల్లలకి పొద్దున టిఫిన్ కూడా పెడుతున్నారు.

ఇన్ని అడిగారు గానీ, పాప పక్కన ఎవరు కూర్చుంటారని అడగలేదు. కొత్తగా వచ్చేవాళ్ళెవరూ అడగరు. 1999లో ఒంగోలు నుంచి చెన్నైలోని విల్లివాక్కం వచ్చినప్పుడు నేనూ అడగలేదు.

మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. ఇంటికి నాలుగడుగుల్లో బడి ఉంది. అందులో వేస్తే పిల్లకి తెలుగు పోతుందని, ఊరికి ఆ చివర తెలుగు చెప్పే బడి వెతికి మరీ చేర్పించాను. రెండు బస్సులు మారి, గంటంపావు ప్రయాణం. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఐదున్నర దాటేది, అప్పటికి వీధిలో పిల్లలు ఆడుకుని లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు. అక్కడ దూరపు పిల్ల, ఇక్కడ తెలియని పిల్ల. పైగా ఆదివారం ఎదురింటి పిల్లలతో ఆడతానంటే నేనే వద్దనేదాన్ని, భాష పాడవుతుందని.

మరుసటి ఏడు దసరాలకి ముందు ఒకరోజు పిల్ల తడిసిన బట్టలతో ఇంటికొచ్చింది. ఎంతడిగినా నోరు విప్పలేదు. రాత్రి పక్కలో పడుకుని చెప్పింది. తరగతిలో ఒంటేలుకి వెళ్ళొస్తానని వేలు చూపిస్తే తమిళ టీచరమ్మ "అవసరమా?" అందట. తమిళంలో అవసరం అంటే అర్జెంటు. పాపం ఆవిడ అర్జెంటా అని ప్రేమగానే అడిగింది. మన పిల్లకి మాత్రం "ఇప్పుడిది అవసరమా?" అని కసిరినట్టు వినిపించింది. తలొంచుకుని కూర్చుండిపోయింది. "ఆవిడ అలా తిట్టలేదే" అని చెప్పడానికి పక్కన ఒక్క స్నేహితురాలు లేదు. మధ్యాహ్నం డబ్బా కూడా ఒక్కతే విప్పుకుని తింటోందని ఆ రాత్రే తెలిసింది. నాకు ఆ డబ్బా సర్దడమే తెలుసు, అది ఎవరితో కలిసి తింటోందో తెలియదు.

ఆ నవరాత్రికి ఎదురింటి పాటీ, అంటే మామ్మగారు, కొలువుకి రమ్మని పిలిచింది. కిందటేడు కూడా పిలిచింది గానీ, మాకు బొమ్మల కొలువు సంక్రాంతికి కదా, ఇది మన పండగ కాదులే అని వెళ్ళలేదు. ఈసారి పిల్లని తీసుకుని వెళ్ళాను. మెట్ల మీద బొమ్మలు, కింద ఇసకలో చిన్న ఊరు, ఆకు దొన్నెలో సెనగల సుండల్. పాటీ మనవరాలు మా దాని చెయ్యి పట్టుకుని "ఉన్ పేరెన్న?" అంది. పేరు అన్నమాట చెవిన పడగానే మా పిల్ల ముఖం విచ్చుకుంది, తన పేరు చెప్పింది. ఇంటికొచ్చేదాకా నేను ఏడుపు ఆపుకున్నాను.

మరుసటి జూన్‌లో నాలుగడుగుల బడికే మార్చాను. పాటీ మనవరాలూ మా అమ్మాయీ ఒకే బెంచీ. తమిళం నేనూ పిల్లతో పాటే దిద్దాను. 247 అక్షరాలంటే విని బెదిరిపోకండి. అచ్చులు 12, హల్లులు 18, ఆయుదం అనే అక్షరం ఒకటి, మిగిలిన 216 మన గుణింతాల్లాంటివే. క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం, మాటలో ఎక్కడుందో చూసి పలకాలి. అదొక్కటే కొంచెం తికమక. నాకు మూడు నెలల్లో బస్సు బోర్డులు చదవడం వచ్చింది. పదో తరగతిలో మా అమ్మాయికి తమిళంలో వచ్చిన మార్కులు చూసి వాళ్ళ టీచరే ఇంటికొచ్చింది.

మరి తెలుగు? అది ఇంట్లో మీ చేతిలో పని. రాత్రి కథ తెలుగులోనే చెప్పండి, రోజుకో పేజీ చదివించండి. ఎగ్మూరులో కన్నెమరా గ్రంథాలయం ఉంది, దేశంలో అచ్చయ్యే పుస్తకాలన్నీ చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. సెలవు రోజున ఇద్దర్నీ తీసుకెళ్ళండి.

మనం ఇక్కడ పరాయివాళ్ళమన్న బెంగ కూడా పెట్టుకోకండి. టీ నగర్ పేరులో ఉన్న త్యాగరాయ, పిట్టి త్యాగరాయ చెట్టిగారు, తెలుగింట పుట్టినవారే. 1920లో థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకి మధ్యాహ్నం అన్నం పెట్టించింది ఆయన మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్న హయాంలోనే. పిల్లలు పక్కపక్కన కూర్చుని తినడం ఈ ఊళ్ళో అంత పాతది.

కాబట్టి దగ్గరి బడే. బాబు సంగతి మరీ జాగ్రత్త, ఆరో తరగతి వాడికి తమిళం అప్పుడే మొదలైతే సిగ్గుపడి మూల చేరతాడు. వీధిలో క్రికెట్ ఆడే పిల్లల్లోకి మొదటి వారంలోనే పంపించండి. ఇల్లు చూసేటప్పుడు నీళ్ళ సంగతి, అడ్వాన్సు సంగతి ఎలాగూ అడుగుతారు. చుట్టుపక్కల ఈ వయసు పిల్లలున్నారా అని కూడా అడగండి. సామాన్లు దించిన రోజే పాపని చెయ్యి పట్టుకుని ఎదురింటికి వెళ్ళండి. అక్కడి పిల్ల పేరేమిటో నాకు రాయండి.