పాస్‌వర్డ్ మార్చేశా, ఇంక సేఫే కదా?

ప్రశ్న: మా మేనేజర్ పేరుతో ఆఫీస్ మెయిల్‌కి ఫైల్ లింక్ వచ్చింది. అర్జెంట్ అని ఉంటే ఫోన్లోనే ఓపెన్ చేసి లాగిన్ అయ్యా, ఓటీపీ కూడా కొట్టా. ఫైలేమీ రాలేదు. అనుమానమొచ్చి వెంటనే పాస్‌వర్డ్ మార్చేశా. ఇంక సేఫే కదా? పరువు పోతుందని ఐటీ వాళ్లకి చెప్పలేదు.

జవాబు: సేఫ్ కాదండీ. ఇదే ప్రశ్న అటూ ఇటూ మారి వస్తూనే ఉంది, అందరూ పాస్‌వర్డ్ దగ్గరే ఆగిపోతున్నారు.

ఓటీపీ కూడా కొట్టానన్నారు చూశారా, నా భయం అక్కడే. ఈ దొంగ పేజీల్లో కొన్ని మధ్యలో కూర్చుని మీరు కొట్టిందల్లా అప్పటికప్పుడు అసలు సైట్‌కి పంపించి, లాగిన్ అవ్వగానే వచ్చే సెషన్ కుకీని (మీరు లాగిన్ అయ్యే ఉన్నారని సైట్ గుర్తుపట్టే టోకెన్ లాంటిది) దొంగిలిస్తాయి, అది చేతిలో ఉంటే దొంగకి మీ పాస్‌వర్డూ అక్కర్లేదు ఓటీపీ అక్కర్లేదు. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన పాత సెషన్లన్నీ పోతాయని గ్యారంటీ లేదు, అన్ని డివైజ్‌ల నుంచీ సైనౌట్ కొట్టాల్సిందే.

తర్వాత మెయిల్ సెట్టింగ్స్‌లో రూల్స్, ఫార్వర్డింగ్ తెరవండి. దూరినవాడు చాలాసార్లు అక్కడో రూల్ పెట్టేసి పోతాడు, ఇన్‌వాయిస్, పేమెంట్ అనే మాటలున్న మెయిల్స్ బయటికి కాపీ వెళ్లేలానో, మీ కంట పడకుండా ఎవరూ చూడని ఫోల్డర్లో పడేలానో. పాస్‌వర్డ్ పదిసార్లు మార్చినా ఆ రూల్ కదలదు. కొన్ని వారాలు ఊరికే చదువుకుని, ఒకరోజు నడుస్తున్న త్రెడ్‌లోనే దూరి 'మా బ్యాంక్ అకౌంట్ మారింది' అని మీ పేరుతో క్లయింట్‌కి రాస్తాడు. ఓటీపీకి మీది కాని నంబర్ చేరిందేమో, తెలియని యాప్‌కి పర్మిషన్ ఉందేమో కూడా చూడండి.

అసలు మీ ఒక్కరి తప్పే అనను. ఫోన్లలో మెయిల్ యాప్‌లు పంపినవాడి పేరు పెద్దగా చూపించి అడ్రస్ దాచేస్తాయి, ఆ పేరేమో ఎవడైనా ఏదైనా టైప్ చేసుకోవచ్చు! దాని మీద నొక్కి అడ్రస్ చూసినా, ఆర్, ఎన్ చిన్న అక్షరాలు పక్కపక్కన పెడితే చిన్న స్క్రీన్ మీద ఎమ్ లాగే ఉంటాయి. దొంగ మెయిల్స్‌ని పట్టడానికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే చెకింగులు ఉన్నాయిగా అంటారు, అవి మెయిల్ ఆ డొమైన్ (అడ్రస్‌లో @ తర్వాత ఉండే పేరు) నుంచే వచ్చిందా అని చూస్తాయి గానీ, దొంగ తన సొంత డొమైన్ కొనుక్కుని అన్నీ సరిగ్గా సెట్ చేసుకుంటే హాయిగా పాసైపోతాడు. పైగా కంపెనీలే ఎవరికీ తెలియని బయటి అడ్రస్ నుంచి 'ఈరోజే క్లిక్ చేయండి, లేకపోతే అకౌంట్ ఆగిపోతుంది' అని సర్వేలూ ట్రైనింగులూ పంపిస్తుంటే ఉద్యోగి ఏది నమ్మాలి, అనుమానించడం నేర్పేది వీళ్లే, అనుమానిస్తే రిమైండర్ పంపేదీ వీళ్లే.

ఆ మెయిల్ మాత్రం డిలీట్ చేయకండి, మామూలుగా ఫార్వర్డ్ చేస్తే ఒరిజినల్ హెడర్లు (మెయిల్ ఎక్కడి నుంచి, ఏ దారిలో వచ్చిందో చెప్పే వివరాలు) పోతాయి కాబట్టి రిపోర్ట్ బటన్ ఉంటే అదే నొక్కండి. మీరు చెప్తేనే ఐటీ వాళ్లు లాగిన్ల రికార్డు (లాగ్స్) చూడగలరు, అదే మెయిల్ ఇంకెవరికి వెళ్లిందో వెతికి తీసేయగలరు. పరువు సంగతి తర్వాత. ఇప్పుడే ఫోన్ చేయండి, మెయిల్ పెట్టకండి, మీ మెయిల్‌బాక్స్ మీతోపాటు ఇంకొకడు కూడా చదువుతుండొచ్చు.