అమ్మలూ, ఈసారి శుక్రవారం రాత్రి బయల్దేరొద్దు

అమ్మలూ,

మొన్న మీరు వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి మీ అమ్మ మనసు మనసులో లేదు. ఆఫీసు నుంచి వచ్చీ రాగానే శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో కారెక్కారు. నకిరేకల్ దాటాక పంక్చరు. తీరా చూస్తే స్టెప్నీలో గాలి లేదు. ఆ తర్వాత చిన్నాడి వాంతులు, టోల్ గేటు దగ్గర ఫాస్టాగ్ పనిచెయ్యక గొడవ, తెల్లారుతుండగా కాలవ గట్టు మీద ఎదురుగా ట్రాక్టర్ వచ్చి ఇరుక్కుపోవడం. ఇల్లు చేరేసరికి పొద్దున పది. పడుకుని లేచేసరికి సాయంత్రం, కళ్ళు మూసి తెరిచేలోగా ఆదివారం, మళ్ళీ బ్యాగులు సర్దుకోవడం. అమ్మమ్మ పక్కన కూర్చుని రెండు మాటలు మాట్లాడే తీరికే లేకపోయింది.

వచ్చే నెల మళ్ళీ వస్తామన్నావట. రండి. ఆర్టీసీలో ఇదే రోడ్డు మీద బస్సు నడిపినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, కాస్త ఓపిగ్గా చదువు. అల్లుడికి కూడా చదివి వినిపించు.

ముందు బయల్దేరే వేళ మార్చండి. రోజంతా ఆఫీసులో పనిచేసి రాత్రి స్టీరింగ్ పట్టుకోవడం మహా ప్రమాదం. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య కళ్ళు తెరిచే ఉంటాయి, మనిషి మాత్రం ఉండడు. టీ తాగినా, పాటలు పెట్టినా, అద్దాలు దించినా అది కాసేపే. నిద్రకి మందు నిద్రే. శుక్రవారం రాత్రి తిని పెందలాడే పడుకోండి. శనివారం నాలుగున్నరకి బయల్దేరితే ట్రాఫిక్ మొదలవకముందే చౌటుప్పల్ దాటేస్తారు. సూర్యాపేటలో టిఫిన్. అమలాపురానికి 400 కిలోమీటర్ల పైమాటే, ఆగుతూ వచ్చినా మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటారు. ఎన్నింటికి వస్తారని మీ అమ్మ అడిగితే ఒంటిగంట అనొద్దు, మూడు అని చెప్పు. ఒంటిగంట అన్నావంటే రెండింటికల్లా ఆవిడ ఫోన్లు మొదలుపెడుతుంది, అల్లుడికి టెన్షన్, కాలు యాక్సిలరేటర్ మీద పడుతుంది.

ఇక టైర్లు. వీటి గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మొన్నటి గొడవంతా అక్కడే మొదలైంది. బయల్దేరే రోజు కాదు, రెండు రోజుల ముందే పెట్రోల్ బంకుకి తీసుకెళ్ళి నాలుగింటితో పాటు స్టెప్నీకి కూడా గాలి పట్టించండి. డిక్కీలో సామాన్ల కింద ఉంటుంది కదా, దాన్ని ఎవరూ పట్టించుకోరు. గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తీస్తే లోపల అంటించిన స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. మనుషులు, సామాన్లు నిండుగా ఉంటే ఎంత పెట్టాలో కూడా అందులోనే చూడు. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలిపించాలి. టైరు పక్కభాగం మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉందనుకో, 2019లో 23వ వారంలో తయారైందని. అరిగినట్టు కనబడకపోయినా పాతబడిన రబ్బరు ఎండాకాలం హైవే మీద పేలిపోతుంది.

దారిలో టైరు మార్చాల్సి వస్తే ముందు పిల్లల్ని, అమ్మమ్మ లాంటి పెద్దవాళ్ళుంటే వాళ్ళని దింపి రోడ్డు రెయిలింగ్ అవతల నిలబెట్టు. కారులో ఉండకూడదు, కారు వెనకాల అసలు నిలబడకూడదు. పార్కింగ్ లైట్లు వేసి, ఎర్ర త్రికోణం బాగా వెనక, కనీసం యాభై మీటర్ల దూరంలో పెట్టు. హ్యాండ్ బ్రేకు వేసి, మొదటి గేరులో పెట్టి, ఎదురు మూల చక్రానికి రాయి అడ్డం పెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేసుకుని, ఆ తర్వాతే జాకీ ఎత్తాలి. ముందే ఎత్తేస్తే నట్టు తిప్పబోయినప్పుడు కారు జారుతుంది. బిగించేటప్పుడు పక్కపక్కవి కాకుండా ఎదురెదురువి బిగించాలి. కొన్ని కార్లకి స్టెప్నీ సన్నగా ఉంటుంది, దానితో 80 దాటకూడదు. రాత్రి పూటైతే ఈ సాహసం వద్దు, 1033కి ఫోన్ చెయ్యి. అది జాతీయ రహదారుల హెల్ప్‌లైన్.

ఫాస్టాగ్ బ్యాలెన్స్, కేవైసీ ముందురోజే చూసుకో. విజయవాడ లోపే పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు మూడు టోల్ గేట్లు. 2025 నవంబరు 15 నుంచి ట్యాగ్ పనిచెయ్యకపోతే నగదుకి రెట్టింపు, యూపీఐకి ఒకటింపావు వంతు కట్టాలని రూలు పెట్టారు. గేటు దగ్గర వాళ్ళతో వాదించడం దండగ, వెనక పది బళ్ళు హారన్ కొడుతుంటే పిల్లలు బెదిరిపోతారు.

చిన్నాడికి వాంతులు ఫోను వల్లే. కదిలే బండిలో తలవంచుకుని బొమ్మలు చూస్తే తిప్పుతుంది. ఫోను ఇవ్వకు, ముందుకి చూడమను. ఇడ్లీ పెట్టు, పూరీ వద్దు.

వానాకాలం వచ్చేట్టయితే నందిగామ పరిస్థితి కనుక్కుని బయల్దేరండి. 2023 జూలైలో, 2024 సెప్టెంబరులో మునేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదకే నీళ్ళొచ్చాయి. పారే నీళ్ళలో కారు దింపొద్దు. నీళ్ళలో ఇంజన్ ఆగితే మళ్ళీ స్టార్ట్ చెయ్యనే చెయ్యొద్దు, లోపలికి నీళ్ళు వెళ్ళి ఇంజన్ పూర్తిగా పోతుంది.

సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెం వచ్చాక మ్యాప్ కట్టెయ్యి. పది నిమిషాలు కలిసొస్తాయని అది గట్ల మీదకి తిప్పుతుంది. ఒకవైపు కాలవ, ఒకవైపు చేలు, పిట్టగోడ ఉండదు, ఎదురుగా బండొస్తే వెనక్కి పోవడానికి చోటుండదు. మన కోనసీమలో కార్లు కాలవలో పడ్డ సంగతులు నీకు తెలియనివి కావు. కొత్తపేట మీదుగా పెద్ద రోడ్డే రండి.

ఆఖరి మాట, సోమవారం సెలవు పెట్టు. సెలవు దొరక్కపోతే కారు తియ్యొద్దు. గౌతమి రైలు గానీ గోదావరి రైలు గానీ ఎక్కి రాజమండ్రిలో దిగండి, నేనొచ్చి తీసుకెళ్తాను. ఏదనేది ఈ ఆదివారంలోగా తేల్చి చెప్పు, రైలైతే టికెట్లు ఇప్పుడే చెయ్యాలి. ఫోన్ చేసేటప్పుడు స్టెప్నీ మీద ఆ నాలుగు అంకెలు ఎంత ఉన్నాయో కూడా చూసి చెప్పు.

మీ మామయ్య