పరుపు ఎండేసినా, స్ప్రే కొట్టించినా నల్లులు పోవడం లేదు!

ప్రశ్న: మాది తిరుపతి కొర్లగుంట, అద్దె ఇల్లు. దసరా సెలవులకు మా అబ్బాయి హాస్టల్ నుంచి ట్రంకుపెట్టె, బొంత తెచ్చుకున్నాడు. కొన్నాళ్ళకు మా అత్తమ్మకు చేతుల మీద దద్దుర్లు లేచాయి, అలర్జీ అనుకుని ఆయింట్‌మెంట్ రాశాం. తర్వాత చూస్తే పరుపు అంచున నల్లులు! రెండుసార్లు స్ప్రే కొట్టించాం, మిద్దె మీద మూడు రోజులు పరుపు ఎండేశాం. పది రోజులు బాగుంటుంది, మళ్ళీ మొదలు. మా ఆయనకు ఒక్క దద్దురూ లేదు, నాదంతా భ్రమ అంటారు. తెలిసినాయన ఒకరు ధాన్యం బస్తాల్లో వేసే మాత్రలు ఇచ్చి, గదిలో పెట్టి తలుపు మూసేయమన్నాడు. వేయమంటారా? ఓనరుకు చెబితే మురికి మనుషులమనుకుంటారని భయం. రాత్రయితే టెన్షన్, నిద్ర లేదు.
– ఒక గృహిణి, తిరుపతి

జవాబు: అమ్మా, ముందు ఆ మాత్రల సంగతి. ఒక్కటి కూడా వేయొద్దు. బస్తాల్లో వేసే ఆ మాత్రలు సాధారణంగా అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని చెమ్మ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది, తలుపు మూసినా సందుల్లోంచి పక్క గదికీ పక్కింటికీ పోతుంది, దానికి విరుగుడు మందు లేదు. నల్లుల కోసమో ఎలుకల కోసమో ఈ మాత్రలు పెట్టుకుని, పక్క గదిలో పడుకున్న పిల్లలు తెల్లారి లేవని ఇళ్ళు మన దేశంలో ఎన్నో ఉన్నాయి. మీ ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, అబ్బాయి ఉన్నాడు. డబ్బా మూత తీయకుండా, తడి తగలకుండా, మనుషులు పడుకోని చోట పెట్టి మీ దగ్గరి వ్యవసాయ అధికారికి అప్పజెప్పండి. డైక్లోర్‌వాస్ అనే మందు కూడా ఇలాగే ఇళ్ళలో కొట్టేవాళ్ళు, 2020 చివరి నుంచి దాన్ని మన దేశంలో నిషేధించారు, ఎవరైనా అమ్మజూపినా కొనకండి.

ఇప్పుడు అసలు విషయం. పది రోజులు బాగుండి మళ్ళీ మొదలవుతోందన్నారు కదా, కిటుకంతా ఆ పది రోజుల్లోనే ఉంది. స్ప్రేకి తిరిగే నల్లులు కొన్ని చస్తాయి కానీ గుడ్లు చావవు. గసగసాల గింజంత తెల్లటి గుడ్డు, జిగురుతో చెక్క సందులో అతుక్కుని ఉంటుంది, మన వాతావరణానికి వారం పది రోజుల్లో పొదుగుతుంది. మీరు హమ్మయ్య అనుకునే వేళకి కొత్త పిల్లలు ఆకలితో బయటికొస్తాయి. అందుకే మందు కొట్టించినా, వేడినీళ్ళు పోసినా ఒక్కసారితో ఆపకూడదు. పది పన్నెండు రోజులకొకసారి, కనీసం మూడుసార్లు చేయాలి. క్యాలెండర్‌లో తేదీలు గుర్తు పెట్టుకోండి, నల్లి కనిపించకపోయినా ఆ తేదీకి పని చేయాల్సిందే.

ఇంకో చిక్కు, మందుకు అవి అలవాటు పడిపోయాయి. డీడీటీ అనే పాత పురుగుమందుకి నల్లులు లొంగడం లేదని హవాయిలో 1947లోనే కనిపెట్టారు. ఇప్పుడు ఇళ్ళలో ఎక్కువగా కొట్టే పైరెథ్రాయిడ్ మందులదీ అదే కథ, దోమల స్ప్రేల్లో ఉండేవీ ఆ జాతివే. ఒకే మందు మళ్ళీ మళ్ళీ కొడుతుంటే తట్టుకున్నవే మిగిలి పిల్లల్ని పెడతాయి. పొగ డబ్బాలైతే మరీ నష్టం, పొగ సందుల్లోకి వెళ్ళదు సరికదా నల్లుల్ని పక్క గదులకు తరుముతుంది. మందు కొట్టే మనిషిని పిలిస్తే, పోయినసారి ఏం కొట్టావు, ఈసారి ఏం కొడుతున్నావు అని పేరు అడిగి రాసుకోండి.

కచ్చితంగా లొంగేది వేడికే. 50 డిగ్రీల వేడి సరిగ్గా తగిలితే నల్లీ మిగలదు, గుడ్డూ మిగలదు. మరి మిద్దె మీద ఎండేశాం కదా అంటారేమో. పరుపు మందం, పైన కాలినా లోపలికి ఆ వేడి దిగదు, నల్లి నీడ వైపుకి జరిగిపోతుంది. దసరా తర్వాత ఎండకు ఆ శక్తి కూడా ఉండదు. దుప్పట్లు, దిండు గలీబులు, ఆ హాస్టల్ బొంత బాగా మరిగిన నీళ్ళలో నానేసి ఉతకండి. కుట్ల మీద ఇస్త్రీ పెట్టె నెమ్మదిగా నడపండి. చెక్క మంచమైతే విప్పి, ప్రతి సందులో మరిగే నీళ్ళు పోయండి, మన పెద్దవాళ్ళు నులక మంచాలకు చేసింది ఇదే. పరుపును తగలబెట్టక్కర్లేదు. జిప్పు ఉన్న మందపాటి కవరులో పూర్తిగా మూసి ఏడాది పాటు తీయకుండా ఉంచండి. లోపల చిక్కినవి ఆకలితో పోతాయి, కాకపోతే అవి నెలల తరబడి తిండి లేకుండా ఉండగలవు, తొందరపడి జిప్పు తీయొద్దు.

వెతకడం మీద ఒక పూట పెట్టండి. టార్చి, పాత ఏటీఎం కార్డు చాలు. ఒకరింట్లో నెల రోజులు దొరకని గూడు మంచం తలవైపు స్క్రూ మీది ప్లాస్టిక్ బిళ్ళ కింద దొరికింది. గోటితో బిళ్ళ లేపితే నాలుగు పెద్దవి, కందిబేడంతవి, పక్కనే విడిచిన పొరలు, గుడ్లు! పెన్నుతో చుక్కలు పెట్టినట్టు నల్లమచ్చలు కనిపిస్తే తడిగుడ్డతో తుడవండి, ఎర్రగా గోధుమ రంగులో పాకితే అది నల్లి రెట్టే. గోడ క్యాలెండర్ వెనక, తలుపు చట్రం, స్విచ్‌బోర్డు అంచు కూడా చూడండి (స్విచ్‌బోర్డుకు నీళ్ళు, మందు తగలనివ్వొద్దు). గోడ పగుళ్ళు వైట్ సిమెంట్‌తో పూడ్చేయండి. మంచం గోడకు అడుగు దూరం జరిపి, కోళ్ళ కింద సబ్బునీళ్ళ గిన్నెలు పెట్టండి. నీళ్ళు ఎండిపోనివ్వొద్దు, మన వేడి ప్రాంతాల నల్లి నున్నటి గోడ కూడా ఎక్కగలదు, ఖాళీ గిన్నె దాన్ని ఆపదు.

ఎంత విసిగినా హాల్లోకి వెళ్ళి పడుకోకండి. మీ ఒంటి వేడిని, ఊపిరిని పట్టుకుని అవి అక్కడికీ వస్తాయి, ఒక గది సమస్య రెండు గదులకవుతుంది.

మీ ఆయనకు చెప్పండి, కుట్టినా దద్దురు లేవని ఒళ్ళు చాలామందికి ఉంటుంది. మీది భ్రమ కాదు. మురికి మాట కూడా వదిలేయండి, నల్లికి కావలసింది నెత్తురే, అద్దంలా ఉన్న ఇంట్లో కూడా మనిషి ఉంటే చాలు. నల్లి బాధ పడలేకే శివుడు కొండెక్కాడు, విష్ణువు శేషుడి మీద పడుకున్నాడు అని చాటువు చెప్పుకున్న జాతి మనది, ఇందులో సిగ్గుపడేదేముంది? ఓనరుకు ఈరోజే చెప్పండి. వైర్ల గొట్టాల వెంట, గోడ సందుల వెంట అవి పై వాటాకు పోతాయి, మీరొక్కరే తుడిస్తే అక్కణ్ణుంచి తిరిగి వస్తాయి.

ప్రశ్న: నల్లుల వల్ల జబ్బులు వస్తాయా? లాడ్జిలో దిగితే ఇంటికి రాకుండా ఏం చేయాలి?
– ఒక విద్యార్థి, చిత్తూరు

జవాబు: దోమలా మనిషి నుంచి మనిషికి జబ్బు అంటిస్తాయని ఇంతవరకూ రుజువు కాలేదు. గోకి గోకి పుండ్లు పడటం, నిద్ర చెడటం మాత్రం ఖాయం, మరీ విపరీతంగా ఉన్న ఇళ్ళలో రక్తహీనత కూడా చూశారు. లాడ్జిలో దిగగానే బ్యాగు మంచం మీద పడేయకుండా బాత్‌రూమ్‌లో పెట్టి, పరుపు నాలుగు మూలలు ఎత్తి కుట్లు చూడండి. చుక్కలుంటే వేరే గది అడగండి, మొహమాటం వద్దు. ఇంటికొచ్చాక బ్యాగు పడకగదిలో విప్పకుండా మిద్దె మీదే విప్పి, బట్టలు నేరుగా వేడినీళ్ళలో వేయండి. ఖాళీ బ్యాగు కుట్లు, జిప్పుల వెంట టార్చి వేసి చూశాకే లోపల పెట్టండి.