పట్టీ ముందా, అద్దం ముందా?

ప్రశ్న: సార్, నా దగ్గర 1972 డాట్సన్ 240జెడ్ కారు ఉంది. ముందు అద్దం అంచుల వెంబడి తెల్లగా మసకబారింది, వైపర్ తిరిగే చోటంతా గీతలే, వాన పడితే కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తోంది. కొత్త అద్దం, కొత్త రబ్బరు తెప్పించా. అద్దాలు బిగించే అతనేమో ముందు అద్దం ఎక్కించేద్దాం, చుట్టూ స్టీల్ పట్టీ తర్వాత నొక్కేద్దాం, రబ్బరు లోపల యూరిథేన్ జిగురు కొట్టేస్తే లీకే ఉండదు అంటున్నాడు. సరేననమంటారా?

జవాబు: రెండిటికీ వద్దనే చెప్పండి. ఇప్పటి కార్ల అద్దాన్ని యూరిథేన్‌తో బాడీకి అతికించేస్తారు, అతనికి అలవాటైన పని అది. మీ కారు పద్ధతి వేరు. రబ్బరులో ఒక గాడి అద్దాన్ని పట్టుకుంటుంది, ఇంకోటి బాడీ రేకు అంచుని, పైనున్న సన్న గాడిలో పట్టీ కూర్చుంటుంది, అద్దం కార్లో బిగిశాక ఆ సన్న గాడి కూడా బిగుసుకుపోతుంది కాబట్టి అప్పుడు పట్టీ నొక్కాలంటే స్క్రూడ్రైవర్లు బయటికొస్తాయి, ఇక పట్టీ వంగడమో అద్దం పగలడమో ఏదో ఒకటి ఖాయం. బల్ల మీద దుప్పటి వేసి, అద్దానికి రబ్బరు తొడిగి, పట్టీ కూడా అక్కడే ఎక్కించి, మొత్తం ఒకే సెట్‌గా కారు దగ్గరికి తీసుకెళ్లండి. రబ్బరుని సాగదీసి మాత్రం తొడగొద్దు, తర్వాత మూలల దగ్గర వెనక్కి లాగేసుకుంటుంది.

పాతది తీసేటప్పుడు కూడా పట్టీని పెకలించకండి. ఎలాగూ పారేసే రబ్బరే కదా, బ్లేడుతో కోసేస్తే పట్టీ దానంతటదే వదులవుతుంది. అద్దం కొత్తది దొరుకుతుంది గానీ మంచి పట్టీ దొరకడమే కష్టం. చిన్న సొట్టలుంటే వెనకనుంచి మెల్లగా తట్టి, నీళ్ల పేపరుతో రుద్ది బఫింగ్ చేస్తే స్టీల్ మళ్లీ మెరుస్తుంది. (పాత పోర్షె 911 వాళ్లు ఇది చదివి మొదలెట్టేయకండి, మీది ఆనోడైజ్ చేసిన అల్యూమినియం, రుద్దితే పై పొర పోతుంది.)

అసలు పని అద్దం తీశాక కనపడుతుంది. కింది రెండు మూలల్లో రబ్బరు చాటున నీళ్లు నిలిచి రేకు అంచు తుప్పు పట్టి ఉండొచ్చు, దాని మీదే కొత్త రబ్బరు బిగిస్తే లీకు ఎక్కడికీ పోదు. టింకరింగ్, ప్రైమర్, పెయింట్ అన్నీ అయ్యి పెయింట్ పూర్తిగా గట్టిపడేదాకా ఆగండి. ఈలోపు వైపర్ల కింద జాలీలో నీళ్లు పోసి చూడండి, కార్పెట్ తడవడానికి అక్కడి తుప్పు కూడా కారణం కావచ్చు, అప్పుడు పాపం అద్దాన్ని తిట్టి లాభం లేదు.

బిగించడానికి ఇద్దరు కావాలి. బాడీ అంచు దూరే గాడిలో నైలాన్ తాడు చుట్టూ పెట్టి, కొసలు కింద మధ్యలో ఒకదాని మీద ఒకటి వచ్చేలా లోపలికి వదిలి, సబ్బు నీళ్లు రాయండి. బయటొకరు అరచేత్తో నొక్కుతుంటే లోపలొకరు తాడు నెమ్మదిగా లాగాలి, రబ్బరు పెదవి రేకు మీదకి ఎక్కుతూ వస్తుంది. ఎక్కడైనా పట్టేస్తే ఆగి అద్దాన్ని సర్దండి, పిడికిలితో గుద్దొద్దు. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం అది, అంచు మీద ఒత్తిడి పడితే చీలుతుంది, ఒక్క చీలిక వచ్చినా అద్దం పోయినట్టే. సబ్బుకి బదులు గ్రీజు, ఇంజన్ ఆయిల్ వాడితే రబ్బరు ఉబ్బుతుంది.

సీలింగ్‌కి గట్టిపడని బ్యూటైల్ రకం మాస్టిక్ (జిగటగా ఉండే సీలింగ్ ముద్ద) చాలు, అదీ సబ్బు నీళ్లు పూర్తిగా ఆరాక. వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ మాత్రం వద్దు, అందులోంచి వచ్చే ఆమ్లంతో రేకు తుప్పు పడుతుంది. మొదట్లో కొన్నాళ్లు డోర్ వేసేటప్పుడు లోపలి గాలి కొత్త అద్దాన్ని నెట్టకుండా పక్క అద్దం కాస్త దించి వేయండి.