పాత కారులో చార్జింగ్ లైటు సన్నగా వెలుగుతూనే ఉంటే డైనమో మార్చాల్సిందేనా?

మీరు చెప్పినవి ఇవి: డైనమో (బ్యాటరీని చార్జ్ చేసే పాతకాలపు జనరేటర్) ఉన్న పాత కారు, కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజులకే దిగిపోతోంది, రేస్ ఇచ్చినా చార్జింగ్ లైటు పూర్తిగా ఆరడం లేదు, మెకానిక్ దాని బదులు ఆల్టర్నేటర్ (ఇప్పటి కార్లలో ఉండే జనరేటర్) వేయించమంటున్నారు. నా మాట వినండి, ఇప్పుడే ఏదీ మార్చకండి. జబ్బు ఎక్కడుందో ఆ సన్నని వెలుగే చెబుతోంది.

ఆ బల్బుకి ఒక కొస డైనమో వైపు, రెండో కొస ఇగ్నిషన్ స్విచ్ ద్వారా బ్యాటరీ వైపు ఉంటాయి. డైనమో అసలు పనిచేయకపోతే బల్బు నిండుగా వెలుగుతుంది. రెండు వైపులా వోల్టేజీ సమానమైతే ఆరిపోతుంది. సన్నగా వెలుగుతోందంటే డైనమో కరెంటు ఇస్తోంది, దారిలో ఎక్కడో కొంత పోతోంది అని అర్థం. ఇదంతా రేస్ ఇచ్చినప్పటి మాట. ఐడిలింగ్‌లో లైటు వెలగడం డైనమో బళ్లలో మామూలే, దానికి కంగారు పడనక్కర్లేదు.

ముందు బ్యాటరీని బయటి చార్జర్‌తో నిండా చార్జ్ చేసి, కొన్ని గంటలు ఊరికే ఉంచి కొలవండి. 12.6 వోల్టులుంటే నిండినట్టు, 12.2 అంటే దాదాపు సగమే. సగం బ్యాటరీతో చేసిన ఏ పరీక్షనూ నమ్మకండి. ఫ్యాన్ బెల్టును పొడవైన భాగం మధ్యలో వేలితో నొక్కితే 12 మిల్లీమీటర్ల వరకు లోపలికి వెళ్లాలి.

ఇక అసలు పరీక్ష. ఇంజిన్ 2000 ఆర్‌పీఎం దగ్గర ఉంచి హెడ్‌లైట్లు వేయండి. మల్టీమీటర్ ఒక ముల్లు కంట్రోల్ బాక్స్ (కటౌట్, రెగ్యులేటర్ ఉండే పెట్టె) మీది డి (D, డైనమో) టెర్మినల్ మీద, రెండోది బ్యాటరీ లైవ్ పోస్టు (ఎర్త్ కానిది) మీద పెట్టండి. క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీదే. అర వోల్టు లోపు వస్తే ఆ దారి బాగున్నట్టు. ఒకటిన్నర వోల్టులు కనిపిస్తే అక్కడే పోతోంది. తర్వాత డి నుంచి, బ్యాటరీ వైపు వెళ్లే 'ఏ' (A) టెర్మినల్‌కి కొలవండి. ఇది 0.2 దాటితే కటౌట్ (డైనమోని బ్యాటరీకి కలిపే, విడదీసే స్విచ్) పాయింట్లు మాడాయన్నమాట. డైనమో మంచిదే అయినా బ్యాటరీ నిండకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం, కానీ మూత తీసి చూసేవాళ్లే తక్కువ.

ఆ పాయింట్లు శుభ్రం చేయడంలోనూ పొరపాట్లు చేస్తారు. బ్యాటరీ వైరు తీసేశాకే చేయి పెట్టండి. కటౌట్ పాయింట్ల లోహం మెత్తన, వాటికి సన్న గ్లాస్ పేపర్ ముక్క మాత్రమే వాడాలి, ఎమరీ పనికిరాదు. పక్కనే ఉన్న రెగ్యులేటర్ (వోల్టేజీని అదుపుచేసేది) పాయింట్లు గట్టివి, వాటికి సన్న ఎమరీ పరవాలేదు. తర్వాత స్పిరిట్‌తో తుడవండి. స్క్రూలు మాత్రం తిప్పకండి. లూకాస్ ఆర్‌బీ106 లాంటి రెండు కాయిళ్ల బాక్సుల్లో లోడు లేనప్పుడు 16 వోల్టుల దరిదాపు చూపించడం సహజం. అది చూసి ఎక్కువైందనుకుని తగ్గించేస్తే బ్యాటరీ ఇక ఎప్పటికీ నిండదు.

ఎర్త్ వైపు, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగొచ్చే దారిని కూడా కొలవాలి. డైనమో బాడీ నుంచి బ్యాటరీ ఎర్త్ పోస్టుకి 0.25 వోల్టుల లోపే ఉండాలి. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి బాడీకి వెళ్లే ఎర్త్ స్ట్రాప్ మీదే అంతా ఆధారపడి ఉంటుంది. రీస్టోర్ చేసిన బళ్లలో నన్ను బాగా బాధపెట్టేది ఇదే: ఇంజిన్ బే అద్దంలా మెరుస్తుంది, కానీ ఎర్త్ బోల్టు కింద కూడా రంగే. రంగు మీద కరెంటు పోదు. గీకి ఇనుము కనిపించేలా చేసి బిగించండి, పైన గ్రీజు రాయండి. కంట్రోల్ బాక్స్ ఇ టెర్మినల్ ఎర్త్ ఊడితే రెగ్యులేటర్ అదుపు పోయి వోల్టేజీ మితిమీరుతుంది. బ్యాటరీ ఉడికిపోతుంది.

ఇవన్నీ సరిగా ఉంటేనే డైనమోని అనుమానించండి. లూకాస్ రకమైతే డైనమో మీది డి, ఎఫ్ (F, ఫీల్డ్) వైర్లు రెండూ విప్పి, ఆ రెండు టెర్మినళ్లను చిన్న వైరుతో కలిపి, అక్కడి నుంచి ఎర్త్‌కి మీటరు పెట్టండి. మెల్లగా రేస్ పెంచుతుంటే వోల్టేజీ కుదుపు లేకుండా ఎక్కాలి, 20 దాటనివ్వకండి. అర నుంచి ఒక వోల్టు దగ్గరే ఆగిపోతే ఫీల్డ్ వైండింగ్ (అయస్కాంత శక్తిని పుట్టించే తీగచుట్ట) పోయుండొచ్చు. నాలుగైదు వోల్టుల దగ్గర ఆగితే ఆర్మేచర్ (లోపల తిరిగే తీగచుట్ట). అసలేమీ రాకపోతే ముందు బ్రష్షులు చూడండి: అరిగాయా, గూటిలో ఇరుక్కున్నాయా, నూనె పట్టిందా అని. కమ్యుటేటర్ (బ్రష్షులు రాసుకునే రాగి భాగం) నల్లబడితే గ్లాస్ పేపర్‌తో రుద్ది, గాడుల్లోని మైకా 0.8 మిల్లీమీటర్ల లోతు ఉండేలా తీయాలి. డెల్కో డైనమోలకు ఈ పద్ధతి పనికిరాదు. వాటిలో ఫీల్డుకి ఎర్త్ రెగ్యులేటర్ ద్వారా అందుతుంది కాబట్టి, పరీక్షకి ఎఫ్‌ని ఎర్త్ చేయాలి.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, "బండి ఆగలేదు, చార్జింగ్ బాగుంది" అనేవాళ్లుంటారు. వాళ్లను బానెట్ దగ్గరికి రానివ్వకండి. ఆల్టర్నేటర్ ఉన్న బండిలో అలా చేస్తే ఒక్క దెబ్బకి వోల్టేజీ ఎగసి డయోడ్లు పోతాయి.

ఇంత చేశాక కూడా ఆల్టర్నేటరే కావాలనుకుంటే వేయించండి, తప్పేం లేదు. అయితే ముందు బండి పాజిటివ్ ఎర్తా, నెగటివ్ ఎర్తా (బ్యాటరీ ఏ పోస్టు బాడీకి కలిపి ఉందో) తేల్చుకోండి, తప్పు కలిపితే డయోడ్లు అప్పుడే మాడిపోతాయి. 22 ఆంపియర్ల డైనమో కోసం వేసిన పాత మెయిన్ వైరు, డాష్‌బోర్డులోని అమ్మీటరు కొత్త కరెంటుని మోయలేవు. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి మందమైన వైరు వేరుగా లాగించండి. చార్జింగ్ బల్బు కూడా ఉండి తీరాలి. చాలా ఆల్టర్నేటర్లు మొదటి ఎక్సైటింగ్ కరెంటుని (చార్జింగ్‌ని మొదలుపెట్టించేది) ఆ 2.2 వాట్ల బల్బు నుంచే తీసుకుంటాయి, అది మాడితే బాగా రేస్ ఇచ్చేదాకా చార్జింగ్ మొదలవదు.